మెహ్రౌలీ లోహస్తంభం : శాసనం, చరిత్ర, తుప్పు

ఢిల్లీ నగరానికి దక్షిణాన మెహ్రౌలీలో ఉన్న కుతుబ్ ప్రాంగణానికి వచ్చే యాత్రికులలో అధికసంఖ్యాకులు మీనారును చూడటానికే వస్తారు. సుమారు 73 మీటర్ల ఎత్తుకు లేచిన ఆ ఎర్రరాతి కట్టడాన్ని తలెత్తి చూసి, దాని నీడలో నాలుగడుగులు వేసిన తరువాతనే, కువ్వతుల్ ఇస్లాం మసీదు ముంగిట ఒంటరిగా నిలిచిన ఇనుప స్తంభం వారి కంటబడుతుంది. మీనారు ముందు అది చాలా చిన్నది. వయస్సులో మాత్రం మీనారు కంటె దాదాపు ఎనిమిది వందల సంవత్సరాలు పెద్దది. చుట్టూ ఉన్న మసీదు, తోరణాలు, సమాధులు 12వ శతాబ్ది చివరి దశకం నుంచి క్రమంగా లేచినవి. స్తంభం క్రీ.శ. 400 ప్రాంతంలో, గుప్తుల కాలంలో తయారైనది.

అడుగు నుంచి శిఖరం వరకు దీని మొత్తం పొడవు 7.21 మీటర్లు. అందులో మీటరుకు కొంచెం ఎక్కువ భాగం నేలలో ఉన్నది. మొదట్లో 42 సెంటీమీటర్లకు దగ్గరగా ఉన్న వ్యాసం పైకి పోయేకొద్దీ సన్నగిల్లి 30 సెంటీమీటర్లకు చేరుతుంది. బరువు 6 టన్నులకు పైమాటే. స్తంభశీర్షం బోర్లించిన గంట ఆకారంతో మొదలై, ఒకదానిపై ఒకటి పేర్చిన వలయాలతో సాగి, చదరపు పీఠంతో ముగుస్తుంది. ఆ పీఠం నడుమ ఒక గాడి ఉన్నది. అందులో ఒకప్పుడు గరుడమూర్తియో, చక్రమో నిలిపి ఉంటారని పండితుల ఊహ. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు.

పాఠ్యపుస్తకాలు మొదలుకొని పర్యాటక కరపత్రాల వరకు అన్నీ దీనిని "తుప్పు పట్టని స్తంభం" అనే పేర్కొంటాయి. ఈ మాట ప్రచారానికి పనికివచ్చినంతగా వివేచనకు పనికిరాదు. స్తంభానికి తుప్పు పట్టకపోలేదు. నేలలో ఉన్న భాగానికి బాగానే పట్టింది. నేలకు పైన కంటికి కనిపించే ముదురు గోధుమ వన్నె కూడా ఒక విధమైన తుప్పే. పట్టిన తుప్పు ఇనుమును తినివేయకుండా, దానికి కవచమై నిలిచిపోవడమే ఇక్కడి విశేషం. ఈ సంగతి స్పష్టంగా తేలడానికి 20వ శతాబ్ది చివరి వరకు ఆగవలసి వచ్చింది. అంతకుముందు సుమారు వంద సంవత్సరాలకు పైగా పండితుల దృష్టి అంతా స్తంభం మీద ఉన్న రాత మీదనే నిలిచినది.

ఆ రాత ఆరు పంక్తుల సంస్కృత శాసనం. బ్రాహ్మీలిపిలో, గుప్తుల కాలపు అక్షరాలతో ఉన్నది. దాదాపు 2 అడుగుల 9 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు గల చోటులో మూడు పద్యాలు ఇమిడి ఉన్నవి. మూడూ తెలుగు పాఠకులకు సుపరిచితమైన శార్దూలవిక్రీడిత వృత్తంలోనే నడుస్తాయి. నేటి వేదిక మీద నిలిచిన మనిషికి శాసనంలోని చివరి పంక్తి తలకు పైనే, 7 అడుగులు దాటిన ఎత్తున ఉంటుంది. చదివించడానికి చెక్కిన రాత అంత ఎత్తున ఎందుకున్నదన్న ప్రశ్నకు స్తంభపు అడుగుభాగమే సమాధానం చెబుతుంది. పైభాగం నున్నగా తీర్చి ఉండగా, అడుగున కొంతమేర సమ్మెట దెబ్బల గుర్తులతో గరుకుగా వదిలివేశారు. మొదట ప్రతిష్ఠించిన చోట ఆ గరుకు భాగమంతా నేలలో ఉండి, శాసనం చదువరి కంటికి ఎదురుగా వచ్చేదని లోహశాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వాదించారు. ఈ వాదం సమంజసంగానే కనిపిస్తుంది. కనపడని భాగాన్ని నునుపు చేయడానికి ఏ కమ్మరీ శ్రమపడడు కదా.

శాసనపాఠం తేలిన తీరు స్వయంగా ఒక చిన్న చరిత్ర. 1834లో జేమ్స్ ప్రిన్సెప్ బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించిన ప్రతిలో ఒక్క మాటైనా పోల్చుకోవడానికి వీలు లేకపోయింది. కెప్టెన్ టి.ఎస్. బర్ట్ సిరాతో తీసిన మేలైన అచ్చు చేతికి వచ్చాక, 1838లో ప్రిన్సెప్ పాఠాన్నీ అనువాదాన్నీ ప్రకటించగలిగారు. అయితే అందులో రాజు పేరు "ధవ" అని పడింది. ఆ పొరపాటు ముప్పై ఏళ్ళకు పైగా నిలిచింది. బొంబాయిలో వైద్యవృత్తిలో ఉంటూ శాసనపరిశోధన చేసిన భావు దాజీ 1871లో అది "చంద్ర" అని గుర్తించారు. 1888లో జె.ఎఫ్. ఫ్లీట్ గుప్త శాసన సంపుటంలో దీనిని చేర్చడంతో పాఠం స్థిరపడింది. మసీదులో ఉన్న చలువరాతి ఫలకాలను 1903లో పండిత బాంకే రాయ్ పెట్టించారు. శాసనపాఠమూ అనువాదమూ వాటి మీద కనిపిస్తాయి.

శాసనం చెప్పే విషయం కొద్దిపాటిది. వంగదేశంలో కూడబలుక్కొని ఎదిరించిన శత్రువులను రాజు తిప్పికొట్టాడు. సింధునది ఏడు ముఖాలను దాటి వాహ్లికులను గెలిచాడు. అతని పరాక్రమ పవనాలతో దక్షిణ సముద్రం నేటికీ పరిమళిస్తున్నది. రెండవ పద్యం అతడు ఈ భూమిని విడిచి మరొక లోకానికి వెళ్ళినట్టు చెబుతూ, ఆరిపోయిన కార్చిచ్చులో మిగిలిన వేడితో అతని కీర్తిని పోలుస్తుంది. చంద్రుడనే పేరు గల ఆ రాజు విష్ణుభక్తితో, విష్ణుపదమనే కొండ మీద విష్ణుధ్వజాన్ని ఎత్తించాడన్నది మూడవ పద్యం సారం. ఇందులో తేదీ లేదు, వంశం పేరు లేదు, తండ్రి పేరు లేదు. చరిత్రకారుడు మొదట వెతికే మూడింటినీ కవి వదిలివేశాడు.

అందువల్ల ఈ చంద్రుడెవరన్న వివాదం చాలాకాలం సాగింది. ఫ్లీట్ మొదటి చంద్రగుప్తుని వైపు మొగ్గారు. సుసునియా కొండ మీది శాసనంలో కనిపించే పుష్కరణ ప్రభువు చంద్రవర్మ అని హరప్రసాద శాస్త్రి అన్నారు. ఆర్.సి. మజుందార్ ఏకంగా కనిష్కుని వరకు వెళ్ళారు. నేడు అధికసంఖ్యాకులైన పండితులు రెండవ చంద్రగుప్త విక్రమాదిత్యునే అంగీకరిస్తున్నారు. ఇతడు సుమారు క్రీ.శ. 375 నుంచి 415 వరకు పాలించాడు. ఇతని ధనుర్ధర ముద్ర గల బంగారు నాణేల మీద రాజు చేతి కింద "చంద్ర" అన్న పొట్టి పేరే కనిపిస్తుంది. విష్ణుభక్తీ, లిపి తీరూ, రాజ్య విస్తృతీ కలిసి వస్తున్నవి. రెండవ పద్యాన్ని బట్టి రాజు మరణించిన తరువాతనే, కుమారగుప్తుని కాలంలో, శాసనం చెక్కారని కొందరు భావించారు. స్తంభం తండ్రి నిలిపాడు, రాత కొడుకు వేయించాడు అనుకుంటే రెండవ, మూడవ పద్యాలకు పొత్తు కుదురుతుంది.

దక్షిణ సముద్రపు పరిమళం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవలసి ఉన్నది. చంద్రగుప్తుని తండ్రి సముద్రగుప్తుడు నిజంగానే దక్షిణానికి దండెత్తాడు. అలహాబాదు స్తంభశాసనం ఆ దండయాత్రలో ఓడిన రాజులను ఊరు, పేరుతో సహా పేర్కొంటుంది. పిష్టపురం, అనగా నేటి పిఠాపురం, అందులో ఉన్నది. వేంగిని ఏలిన హస్తివర్మ ఉన్నాడు. కంచి విష్ణుగోపుడు ఉన్నాడు. ఆంధ్రదేశ చరిత్ర రాసేవారికి ఆ జాబితా అమూల్యమైన ఆధారం. దాని ముందు మెహ్రౌలీ శాసనంలోని దక్షిణ సముద్రం కేవలం కవిసమయం. కుమార్తె ప్రభావతీగుప్తను వాకాటక రాజు రెండవ రుద్రసేనునికి ఇచ్చి దక్కనులో పలుకుబడి సంపాదించిన మాట వాస్తవమే. కాని సముద్రతీరం దాకా సాగిన యుద్ధానికి మాత్రం ఈ శాసనం సాక్ష్యం కాజాలదు.

విష్ణుపదగిరి ఎక్కడ ఉన్నదన్నది మరొక చిక్కు. స్తంభం ఇప్పుడున్న చోటు కొండశిఖరం కాదు. కనుక ఇది వేరెక్కడి నుంచో వచ్చినదని చాలామంది ఒప్పుకొంటారు. గయ అన్నవారున్నారు, బియాస్ నదీ ప్రాంతమన్నవారున్నారు, మధుర అన్నవారున్నారు. మధ్యప్రదేశ్‌లో విదిశ పక్కనున్న ఉదయగిరి కొండల వాదానికి ఇటీవలి కాలంలో బలం చేకూరింది. అక్కడి గుహల్లో రెండవ చంద్రగుప్తుని కాలపు శాసనాలున్నవి. ఒక దానిలో గుప్త సంవత్సరం 82, అనగా క్రీ.శ. 401-402, స్పష్టంగా ఉన్నది. భూదేవిని ఉద్ధరిస్తున్న మహావరాహ శిల్పం, శేషశాయి శిల్పం ఆ కొండను వైష్ణవ క్షేత్రంగా నిలబెట్టినవి. కర్కాటక రేఖకు అతి సమీపంలో ఉన్న ఆ కొండ మీద, ఉత్తరాయణం ముగిసే రోజుల్లో ప్రాతఃకాలపు స్తంభచ్ఛాయ శేషశాయి వైపు సాగేదని బాలసుబ్రమణ్యం, మీరా దాస్ ప్రతిపాదించారు. నీడ విషయం ఊహగానే మిగిలినా, ఉదయగిరి ఊహను మాత్రం అంత తేలికగా తోసివేయలేము.

ఢిల్లీకి దీనిని ఎవరు తెచ్చారు? స్తంభం మీదనే ఉన్న ఒక చిన్న రాతలో సంవత్ 1109, అనగా క్రీ.శ. 1052, అన్న సంవత్సరమూ, తోమర రాజు అనంగపాలుని పేరూ కనిపిస్తాయి. దానిని యథాతథంగా గ్రహిస్తే 11వ శతాబ్ది మధ్యభాగానికే స్తంభం ఢిల్లీలో ఉన్నట్టు తేలుతుంది. సుల్తాన్ ఇల్తుత్‌మిష్ 1230లలో మాళవ దేశం మీద దండెత్తి భిల్సాను, ఉజ్జయినిని కొల్లగొట్టినప్పుడు విజయచిహ్నంగా తెచ్చాడన్నది రెండవ వాదం. భిల్సా అంటే నేటి విదిశయే. రెండు వాదాలలో ఏ ఒక్కటీ తిరుగులేనిది కాదు. పాత స్తంభాలను పెకలించి తన రాజధానిలో నిలుపుకోవడం మాత్రం ఢిల్లీ పాలకులకు కొత్త కాదు. ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దిలో తోప్రా నుంచి, మీరట్ నుంచి అశోకుని రాతి స్తంభాలను తరలించి ఢిల్లీలో ఎత్తించాడు. ఎవరు పెట్టించారో, ఏమి రాశారో తెలియకపోయినా స్తంభం విలువ మాత్రం అందరికీ తెలిసినట్టే ఉన్నది.

అనంగపాలుని పేరుతో ఒక కథ కూడా ప్రచారంలో ఉన్నది. స్తంభపు మొన పాతాళంలో వాసుకి పడగ మీద ఆని ఉన్నదనీ, అది కదలనంత కాలం తోమర రాజ్యం కదలదనీ ఒక బ్రాహ్మణుడు చెప్పాడట. నమ్మని రాజు తవ్వించి చూస్తే మొనకు నెత్తురు అంటి ఉన్నదట. భయపడి తిరిగి పాతించినా కీలకం వదులుగానే ఉండిపోయింది. వదులు అనే అర్థం గల "ఢీలీ" మాట నుంచే ఊరికి ఢిల్లీ అన్న పేరు వచ్చిందని కథ ముగుస్తుంది. పేరు పుట్టుకకు ఈ వ్యుత్పత్తిని భాషావేత్తలు అంగీకరించరు. రాజ్యాలు ఎందుకు పోతాయన్న ప్రశ్నకు ప్రజలు చెప్పుకొన్న జవాబుగా మాత్రం ఈ కథకు విలువ ఉన్నది.

పాతాళం మాట 19వ శతాబ్ది విద్యావంతులను కూడా కొంత ప్రభావితం చేయకపోలేదు. 26 అడుగుల లోతు తవ్వినా అడుగు తగలలేదన్న మాటను ఆధారం చేసుకొని, మొత్తం పొడవు 60 అడుగులు ఉండవచ్చునని అలెగ్జాండర్ కన్నింగ్‌హాం మొదట అంచనా వేశారు. 1870ల ఆరంభంలో ఆయన సహాయకుడు జె.డి. బెగ్లర్ తవ్వించగా మూడడుగులకే అడుగు తేలింది. దుంపవలె ఉబ్బిన ఆ అడుగుభాగం ఇనుప కడ్డీల అల్లిక మీద కూర్చుని ఉన్నది. ఆ కడ్డీలను సీసం పోసి రాళ్ళలో బిగించారు. వాసుకి స్థానంలో సీసం కనిపించింది. అయినా ఇంత చక్కగా పాతిన స్తంభాన్ని వదులు కీలకమని అనడం న్యాయం కాదు. మసీదు గోడల మీదికి వచ్చిన ఫిరంగి గుండు తగిలి ఒంటికి సొట్ట పడినా ఇది నేలకొరగలేదు. నేలకు సుమారు 4 మీటర్ల ఎత్తున ఆ సొట్టను నేటికీ చూడవచ్చును. అది 1739లో నాదిర్ షా పేల్పించినదని జనశ్రుతి.

లోహమేదన్న విషయం కూడా చాలాకాలం తేలలేదు. 14వ శతాబ్దిలో ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా దీనిని చూసి విస్తుపోయాడు. ఏడు లోహాలు కలిపి చేసినదని స్థానిక విద్వాంసుడొకరు ఆయనకు చెప్పారు. వేలి పొడవున మెరుగుపెట్టిన చోట ఇనుము గీటు పెట్టినా గీత పడలేదని ఆయన రాసుకున్నాడు. 19వ శతాబ్దిలో కన్నింగ్‌హాం పంపిన ముక్కను రూర్కీలో పరీక్షించగా ఇది శుద్ధమైన మెత్తని ఇనుమని తేలింది. మాంగనీసు ఉక్కును కనుగొన్న షెఫీల్డ్ లోహవేత్త రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1912లో తన విశ్లేషణను ప్రకటించారు. అందులో ఇనుము 99.72 శాతం, కర్బనం 0.08 శాతం, భాస్వరం 0.114 శాతం, గంధకం 0.006 శాతం. మాంగనీసు లేదు. తరువాతి పరీక్షల్లో భాస్వరం సగటున 0.25 శాతం వరకు ఉన్నట్టు తెలిసింది. పట్టికలో ఏ మూలనో ఉన్న ఆ చిన్న అంకె మీద అప్పట్లో ఎవరి చూపూ నిలవలేదు.

ఇంత ఇనుమును ఒకే ముద్దగా ఎట్లా తయారు చేశారన్న ప్రశ్న తుప్పు కంటె తక్కువ ఆసక్తికరమైనదేమీ కాదు. ఇనుము కరగడానికి సుమారు 1540 డిగ్రీల వేడి కావాలి. మట్టితో కట్టిన చిన్న కొలుముల్లో, చేతి తిత్తులతో ఊదే గాలికి అంత వేడి రాదు. ఖనిజాన్ని కొయ్యబొగ్గుతో కలిపి కాలిస్తే ఇనుము కరగకుండానే ఖనిజం నుంచి విడివడి, చిట్టెంతో కలిసిన బొరియల ముద్దగా అడుగున మిగులుతుంది. దానిని ఎర్రగా ఉండగానే సమ్మెటతో బాదితే చిట్టెం చాలావరకు జారిపోతుంది, కొంత లోపలే చిక్కుకుంటుంది. ఇట్లా వచ్చే ఒక్కొక్క ముద్ద 20 నుంచి 30 కిలోల బరువు ఉంటుందని లోహవేత్తల లెక్క. ఆ లెక్కన ఈ స్తంభానికి రెండు వందలకు పైగా ముద్దలు కావాలి. ఒక్కొక్క ముద్దను కాల్చి, అంతకుముందు ముద్దకు అతికించి, అతుకు చల్లారకముందే సమ్మెటలతో ఏకం చేయాలి. స్తంభం పెరుగుతున్నకొద్దీ దానిని పట్టి తిప్పడానికీ, కాలే కొనను కొలిమిలోనికి నెట్టి వెనుకకు లాగడానికీ మనుషులు పెరగాలి. అంతా చేత ఇనుమే. పోత పోయడమన్న మాట ఇక్కడ వర్తించదు. శాసనం సింధునదిని, వాహ్లికులను గుర్తుంచుకొన్నది గాని, సమ్మెట పట్టిన ఒక్క చేతి పేరును గుర్తుంచుకోలేదు. ఆవిరి సమ్మెటలు వచ్చే వరకు ఐరోపాలో ఇంత పెద్ద ఇనుప దూలాన్ని సాగగొట్టడం కష్టసాధ్యంగానే ఉండేది. అందుకే వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ 1876 నాటి తన గ్రంథంలో దీని పట్ల దాచుకోలేని ఆశ్చర్యం ప్రకటించారు.

ఇక తుప్పు సంగతి. దీనికి చెప్పిన కారణాలు రెండు తెగలుగా ఉన్నవి. మొదటి తెగ వాతావరణాన్ని చూపుతుంది. ఢిల్లీ గాలిలో తేమ సంవత్సరంలో అధికభాగం తక్కువ. స్తంభం బరువైనది గనుక పగటి వేడిని రాత్రి వరకు నిలుపుకుని మంచును ఒంటి మీద పేరనివ్వదు. జె.సి. హడ్సన్ 1953లో ప్రకటించిన పరీక్షలు స్తంభం పరిసరాల్లో ఉంచిన మామూలు ఉక్కు ముక్కలు కూడా చాలా నెమ్మదిగానే తుప్పు పట్టినట్టు చూపినవి. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. కాని ఇది ఒక్కటే చాలదు. సముద్రపు ఉప్పుగాలిలో ఉన్న కోణార్క ఆలయపు ఇనుప దూలాలు, కుంభవృష్టి కురిసే పడమటి కనుమల్లో కొడచాద్రి కొండ మీద నిలిచిన ఇనుప కంబం ఢిల్లీ వాతావరణంలో లేవు. అయినా శతాబ్దాలను తట్టుకొని మిగిలినవి. నెయ్యి, నూనె పూతల వల్లనే నిలిచిందనే మాట ఊళ్ళో కబురుగా వినిపించేదే గాని ఆధారమున్నది కాదు.

రెండవ తెగ లోహం వైపు చూస్తుంది. కాన్పూరు ఐ.ఐ.టి.లో లోహశాస్త్ర ఆచార్యుడుగా ఉండి 2009లో మరణించిన ఆర్. బాలసుబ్రమణ్యం 2000లో ప్రచురించిన పరిశోధనతో ఈ వాదం గట్టిపడింది. నేటి కర్మాగారాల్లో ఉక్కు తయారు చేసేటప్పుడు సున్నం వేస్తారు. అది భాస్వరాన్ని చిట్టెంలోనికి లాగివేస్తుంది. భాస్వరం ఎక్కువైన ఉక్కు చల్లని వేళ పెళుసుబారి విరుగుతుంది గనుక, ఉక్కులో దానిని సాధారణంగా 0.05 శాతం లోపునకు దించుతారు. ప్రాచీన కమ్మరి సున్నం వేయలేదు. ఖనిజంలోని భాస్వరం చాలావరకు ఇనుములోనే ఉండిపోయింది. నేటి కర్మాగారంలో దోషంగా తీసివేసే పదార్థమే ఇక్కడ రక్షకమైనది.

ఆ రక్షణ జరిగే తీరు ఇది. స్తంభం కొత్తగా గాలికి, వానకు నిలిచినప్పుడు అన్ని ఇనుములవలెనే తుప్పు పట్టడం మొదలుపెట్టింది. లోపల చిక్కుకొన్న చిట్టెపు రేణువుల చుట్టూ ఇనుము మరింత త్వరగా క్షయించింది. ఇనుము క్షయించినకొద్దీ దానిలోని భాస్వరం ఉపరితలం మీద పోగుపడింది. అట్లా పోగైన భాస్వరం వల్ల ఇనుమునకు, తుప్పుకు నడుమ మిసవైట్ అనే నిబిడమైన పొర ఏర్పడింది. జపాను శాస్త్రవేత్త మిసావా పేరిట దానికి ఆ పేరు వచ్చింది. వాన తడపడం, ఎండ ఆర్చడం ఏటేటా సాగుతూ ఉండగా దాని మీద ఇనుము, భాస్వరం కలిసిన స్ఫటికాల పొర చేరి నీటికి, గాలికి లోపలి దారి మూసివేసింది. మామూలు తుప్పు గుల్లగా ఉండి, పెచ్చులుగా రాలి, ఇనుమును మళ్ళీ బయటపెడుతుంది. ఇది రాలదు. 1,600 సంవత్సరాలలో ఈ పొర మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతుకు మించలేదని బాలసుబ్రమణ్యం లెక్క.

తడిసి ఆరడమే ఇందులో కీలకం. ఆరడానికి వీలులేని చోట ఈ కవచం ఏర్పడదు. 1961లో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ శతవార్షికోత్సవాల సందర్భంలో స్తంభపు అడుగును తవ్వి పరీక్షించినప్పుడు నేలలోని భాగం గుంటలు పడి, మందమైన తుప్పుతో కనిపించింది. దానిని శుభ్రపరచి, 3 మిల్లీమీటర్ల మందం గల సీసపు రేకు చుట్టి తిరిగి పాతారు. ఇనుము ఒక్కటే, కమ్మరి ఒక్కడే, వయస్సు ఒక్కటే. నేలకు కింద ఒక రకంగా, పైన మరొక రకంగా ఉన్నది. దీనిని అమరలోహమని కీర్తించేవారికి ఆ తవ్వకం నివేదిక కొంచెం ఇబ్బందికరమైనదే. ఆ కమ్మరులు తుప్పును జయించే రసాయన సూత్రం తెలిసి భాస్వరాన్ని నిలిపారని చెప్పడానికి కూడా ఆధారం లేదు. ఏ ఖనిజం నుంచి వచ్చే ఇనుము బాగా నిలుస్తుందో, ఏది పెళుసో, ఎంత బాదితే ఎంత చిట్టెం పోతుందో వారికి చేతి అనుభవంతో తెలిసి ఉండవచ్చును. ఆ అనుభవం తక్కువైనదేమీ కాదు.

ఈ స్తంభాన్ని ఒకే ఒక్క అద్భుతంగా చూడటం వల్ల నష్టం కూడా ఉన్నది. మధ్యప్రదేశ్‌లోని ధార్ పట్టణంలో లాట్ మసీదు వద్ద ఒక ఇనుప స్తంభం మూడు ముక్కలై పడి ఉన్నది. దానిని 11వ శతాబ్ది పరమార రాజు భోజునికి ఆపాదిస్తారు. మిగిలిన ముక్కలే కలిపి సుమారు 13 మీటర్ల పొడవు, 7 టన్నుల బరువు. అనగా మెహ్రౌలీ స్తంభం కంటె పెద్దది. కోణార్కను కట్టించిన గాంగులు తొలుత నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం రాజధానిగా కళింగాన్ని ఏలినవారే. 13వ శతాబ్దిలో వారి స్థపతులు 10 మీటర్లకు పైగా పొడవున్న ఇనుప దూలాలను ఆలయంలో వాడారు. గుప్తుల నాటి కౌశలం ఎనిమిది వందల సంవత్సరాల తరువాత కూడా పోలేదని ఇవి చెబుతున్నవి. ధార్ ముక్కలను చూడటానికి వెళ్ళేవారు మాత్రం అరుదు.

తెలుగునేల ఇనుము చరిత్ర వేరు దారిన నడిచినది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్ది తొలి పాదంలో హెన్రీ వాయ్సీ ఆ కొలుములను స్వయంగా చూసి వర్ణించారు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు అటువంటిదే. అది కర్బనం ఎక్కువైన గట్టి లోహం. మెహ్రౌలీ ఇనుము కర్బనం దాదాపు లేని మెత్తని లోహం. రెండింటినీ ఒకే గాటకట్టి పొగడటం పరిపాటి అయినది గాని, వాటి విద్యలు వేరు, పనివారు వేరు.

ఈ విద్యలన్నింటికీ తరువాత పట్టిన గతి దాదాపు ఒక్కటే. వలస పాలనలో అడవుల మీద ఆంక్షలు రావడంతో కొయ్యబొగ్గు దొరకడం కష్టమైనది. ఇంగ్లండు నుంచి దిగిన చవక ఇనుము సంతలను ఆక్రమించినది. మధ్యభారతంలో ఇనుము తీయడమే కులవృత్తిగా గల అగరియాల మీద వెరియర్ ఎల్విన్ 1942లో గ్రంథం ప్రచురించే నాటికే వారి కొలుములు చాలావరకు చల్లారినవి. గుప్తుల నాటి ఇనుము ఎట్లా తయారైనదో తెలుసుకోగోరిన 20వ శతాబ్ది పరిశోధకులు ఈ గిరిజనుల కొలుముల వైపు చూడవలసి వచ్చినది. వారు కూడా సున్నం వేయరు. వారి ఇనుములో కూడా భాస్వరం ఉంటుంది. రాజశాసనంలో చోటు దొరకని పనివారికి వారసులెవరైనా ఉంటే, వారిలో ముందుగా చెప్పవలసినవారు వీరే.

స్తంభానికి ఇటీవలి కాలంలో వచ్చిన ముప్పు మాత్రం వాన వల్ల కాదు, భక్తి వల్ల. దానికి వీపు ఆనించి, చేతులు వెనుకకు చాచి కౌగిలించి వేళ్ళు కలపగలిగితే కోరిక తీరుతుందని ఒక నమ్మకం. ఏళ్ళ తరబడి వేలాదిమంది రాపిడికి ఛాతీ ఎత్తున కవచపు పొర అరిగిపోయి, ఆ మేరకు ఇనుము మెరుగుపెట్టినట్టు వేరు రంగు తేలింది. వానలను తట్టుకొన్న పొర మనుషుల చొక్కాలకు తట్టుకోలేకపోయింది. పురావస్తు శాఖ 1997లో చుట్టూ కంచె వేయించింది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1993లో, కుతుబ్ ప్రాంగణం ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. కంచె మీద విమర్శలు లేకపోలేదు. చేతితో తాకి చూసే వస్తువు చూపుకు మాత్రమే మిగిలిందని నొచ్చుకొన్నవారున్నారు. ఆ ఫిర్యాదు సహజమే గాని, మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు మందం గల పొరను కాపాడటానికి వేరు మార్గం కనిపించదు. ఢిల్లీ గాలి కూడా ఇప్పుడు హడ్సన్ పరీక్షించిన నాటి గాలి కాదు. కంచె మనిషిని ఆపగలదు గాని పొగను ఆపలేదు.

కంచె ఇవతల నిలిచిన సందర్శకునికి కూడా ముఖ్యమైనవి చాలావరకు అందుతాయి. కాస్త తలెత్తితే ఆరు పంక్తుల శాసనం, దానికి పైన ఫిరంగి సొట్ట, ఖాళీ పీఠం కనిపిస్తాయి. చూపు దించితే, వేదిక రాళ్ళకు కాస్త పైన, సమ్మెట దెబ్బలు నునుపు చేయకుండా వదిలివేసిన గరుకు భాగం కనిపిస్తుంది.